తాతల పేర్లు అడిగిన కాగితం

పోయిన నెల ఈ శీర్షికలో 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాల గురించి నాలుగు ముక్కలు రాశాను. హిట్లర్ ప్రభుత్వం యూదుల పౌరసత్వం లాక్కుని, వాళ్ళకీ మిగతా జర్మన్లకీ మధ్య పెళ్ళిళ్ళు నేరం చేసిన చట్టాలవి. మామూలుగా నాకు నెలకి పది పన్నెండు ఉత్తరాలొస్తాయి, సగం పరీక్షల్లో ఏ ప్రశ్న రావచ్చో చెప్పమనేవే. ఈసారి సంచి నిండింది. కోటలూ యుద్ధాల సంగతులు అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, యూదులు కూడా జర్మనే మాట్లాడేవారు, అందరిలాంటి బట్టలే వేసుకునేవారు అని రాశారు. మరి ఫలానా మనిషి యూదుడని ప్రభుత్వానికి ఎలా తెలిసేది? ముఖం చూసి చెప్పేవారా? (డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని)

జవాబు: చెప్పలేకపోయారమ్మా. నాజీలకి వచ్చిపడ్డ మొదటి చిక్కే అది.

1933లో జర్మనీ జనాభా ఆరున్నర కోట్లు. అందులో యూదులు సుమారు 5 లక్షలు, అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. డాక్టర్లు, లాయర్లు, బట్టల కొట్లవాళ్ళు, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి పతకాలు తెచ్చుకున్నవాళ్ళు. వీళ్ళని పోల్చుకోవడానికని బడుల్లో జాతుల పాఠాలు పెట్టారు, ముక్కుల బొమ్మలు గోడలకి తగిలించారు. అయితే ఒకడి ఉద్యోగం పీకాలన్నా, ఒక పెళ్ళి ఆపాలన్నా ముక్కు బొమ్మ పనికిరాదు. కాగితం కావాలి.

మొదటి ప్రయత్నం 1933 ఏప్రిల్ 7 నాటి ప్రభుత్వోద్యోగుల చట్టం. తాతలూ అమ్మమ్మా నాయనమ్మల్లో ఒక్కరు యూదులైనా ఉద్యోగం ఊడినట్టే. యుద్ధంలో ముందు వరుసన పోరాడినవాళ్ళని కొన్నాళ్ళు వదిలారు, అంతే. 1935 నవంబరు 14న ఈ లెక్క మార్చారు. ఆ నలుగురిలో ముగ్గురో నలుగురో యూదులైతే మనవడు యూదుడు. ఇద్దరైతే మొదటి తరగతి మిశ్రమం. ఒక్కరైతే రెండో తరగతి మిశ్రమం. ఇద్దరున్నవాడు యూదు మతసంఘంలో సభ్యుడైనా, యూదురాలిని పెళ్ళి చేసుకున్నా మళ్ళీ యూదుడి కిందికే వస్తాడు.

పాఠాలు చెప్పిన రోజుల్లో నేనూ ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేసేదాన్ని. ఒకసారి ఒక కుర్రాడు లేచి, "మనవడి సంగతి తాతని బట్టి తేలుస్తారు సరే, తాత సంగతి ఎవర్ని బట్టి తేలుస్తారండీ?" అన్నాడు. ఆ రోజు జవాబు చెప్పలేక, ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను. జవాబు ఆ 1935 నిబంధనలోనే ఉంది. తాత యూదు మతసంఘంలో సభ్యుడై ఉంటే చాలు, ఆయన్ని పూర్తి యూదుడిగా లెక్కపెడతారు. మతమే కొలబద్ద! రక్తం, రక్తం అని పన్నెండేళ్ళు గొంతు చించుకున్న ప్రభుత్వం దగ్గర రక్తాన్ని పరీక్షించే సాధనం ఏదీ లేదు. ఉన్నదల్లా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) రిజిస్టరు, చర్చి రిజిస్టరు.

దాంతో ఏమైందంటే, దేశం మొత్తం తాతల కాగితాల కోసం పరుగెత్తింది. జర్మనీ అంతటా ప్రభుత్వమే పుట్టుకలు నమోదు చెయ్యడం 1876లో మొదలైంది. అంతకు ముందు పుట్టినవాళ్ళ వివరాలు చాలావరకు చర్చి బాప్తిస్మాల పుస్తకాల్లోనే ఉండేవి. టీచరు ఉద్యోగానికి ఆర్యుడినన్న (అంటే వంశంలో యూదులు లేరన్న) రుజువు, పార్టీలో చేరడానికి రుజువు. 'పూర్వీకుల పాస్‌పోర్టు' అని చిన్న పుస్తకం కొట్లలో అమ్మేవారు. అందులో తాతముత్తాతల పేర్లు నింపుకుని, ఒక్కొక్క పేరుకీ పాస్టరు ముద్రో రిజిస్ట్రారు ముద్రో వేయించుకోవాలి. డబ్బు తీసుకుని వంశవృక్షం వెతికిపెట్టే వృత్తి ఒకటి పుట్టుకొచ్చింది. ఏ పాపం ఎరగని చర్చి గుమాస్తా పాత పుస్తకం తెరిచి, ఫలానా ఏట ఫలానా యూదుడు బాప్తిస్మం తీసుకున్నాడని చక్కటి దస్తూరీతో రాసిచ్చేవాడు. ఎక్కడో ఒక ఊళ్ళో ఒక మనవడి బతుకు ఆ దస్తూరీతో తలకిందులయ్యేది.

1939 మే 17న జనాభా లెక్కలు తీశారు. మామూలు ఫారంతో పాటు ఇంకో కార్డు ఇచ్చారు, కవర్లో పెట్టి అంటించి ఇవ్వాల్సింది. దాని మీద తాతలూ అమ్మమ్మా నాయనమ్మా నలుగురికి నాలుగు గళ్ళు. జాతిరీత్యా పూర్తి యూదుడా? అవును, కాదు. దేశంలో ప్రతి ఇల్లూ అది నింపింది. అప్పటికే యూదుల పేర్లు కూడా మార్చేశారు. 1939 జనవరి 1 నుంచి, పేరు చూడగానే యూదుడని తెలియకపోతే మగవాళ్ళు 'ఇజ్రాయెల్' అనీ, ఆడవాళ్ళు 'సారా' అనీ అదనంగా తగిలించుకోవాలి. చిత్రమేమిటంటే, ఆ సంగతి రిజిస్ట్రారుకి తెలియజేసుకోవలసిన బాధ్యత కూడా వాళ్ళదే. 1938 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు మీద ఎర్రగా 'జె' అక్షరం. అంత జరిగాక ఇక ముఖం చూడ్డం ఎందుకు?

ప్రశ్న: గ్యాసు గదుల గురించి సినిమాల్లో చూశాం. అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు ఉన్నాయి కదా, అంత ప్రమాదం కనిపిస్తుంటే వాళ్ళు దేశం వదిలి ఎందుకు పోలేదు? నాకైతే అది అమాయకత్వం అనిపిస్తుంది. (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: పోలేదని ఎవరన్నారు బాబూ? 1941 అక్టోబరులో వలసని పూర్తిగా నిషేధించేనాటికి సగం మందికి పైగా దేశం దాటేశారు. మిగిలినవాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు ఎక్కువ. మీరు బ్యాంకువారు కాబట్టి డబ్బు లెక్కే చెబుతాను. దేశం వదిలే ఆస్తిపరులు ఆస్తిలో నాలుగో వంతు పన్ను కట్టాలి. మిగిలింది విదేశీ డబ్బుగా మార్చుకోబోతే, 1939 నాటికి నూరు మార్కులకి (మార్కు జర్మనీ డబ్బు) నాలుగు మార్కుల విలువ చేతికొచ్చేది. రొక్కం 10 మార్కులకి మించి పట్టుకెళ్ళకూడదు. 1938 నవంబరు 9 రాత్రి సినగాగ్‌లు తగలబెట్టి, యూదుల కొట్లు పగలగొట్టి, 30 వేల మంది మగవాళ్ళని నిర్బంధ క్యాంపులకి పట్టుకుపోయారు కదా. పైగా యూదుల మీదే 100 కోట్ల మార్కుల జరిమానా వేశారు. పగిలిన అద్దాలకి బీమా కంపెనీలు ఇవ్వాల్సిన సొమ్ము ప్రభుత్వం జమ కట్టుకుంది. ఇంత పోగొట్టుకుని బయలుదేరితే రానిచ్చేదెవరు? 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్ ఊళ్ళో 32 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. దాదాపు అందరూ జాలిపడ్డారు, తలుపు మాత్రం తియ్యలేదు. పెద్ద ఎత్తున చోటిస్తానన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

ఇక ఆ ఏడెనిమిదేళ్ళు ఎలా గడిచాయన్నది. మా అమ్మాయి బెర్లిన్‌లో ఉన్నప్పుడు నేను మూడు వారాలు అక్కడ ఉన్నాను. 'బవేరియన్ క్వార్టర్' అని ఒకప్పుడు యూదులు ఎక్కువగా ఉన్న పేట ఉంది. ఇప్పుడది చెట్లూ బాల్కనీలూ ఉన్న ప్రశాంతమైన చోటు. అక్కడ వీధి దీపాల స్తంభాలకి పైన చిన్న బోర్డులు, మొత్తం 80, 1993లో ఇద్దరు కళాకారులు పెట్టినవి. ఒక వైపు పలకల పుస్తకంలోలా రంగుల బొమ్మ. వెనక వైపు ఒక వాక్యం, ఒక తేదీ. రొట్టె బొమ్మ వెనక్కి వెళ్తే, బెర్లిన్‌లో యూదులు సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకే సరుకులు కొనుక్కోవాలని ఉంది, 1940 జూలై. ఇంకోచోట యూదులకి గుడ్లు అమ్మరాదని. మరోచోట తాజా పాలు లేవని. నా ముందు ఒక పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని వెళ్తూ పిల్లి బొమ్మ చూసి ఆగింది, "కట్సె!" అంది. పిల్లి అని. తల్లి బోర్డు వెనక వైపు చూసి, ఏమీ అనకుండా పిల్లని ముందుకి నడిపించింది. వెనక వైపు ఏముందంటే, ఇకపై యూదులు పెంపుడు జంతువుల్ని ఉంచుకోరాదు, 1942.

ఆ వాక్యం ఒక ఇంట్లో ఎలా అమలైందో మనకి తెలుసు. డ్రెస్డెన్‌లో విక్టర్ క్లెంపరర్ అని ఫ్రెంచి సాహిత్యం చెప్పే ప్రొఫెసరు ఉండేవాడు. యూదు పురోహితుడి కొడుకు, తను క్రైస్తవం పుచ్చుకున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో స్వచ్ఛందంగా పోరాడాడు. 1935లో ఉద్యోగం పోయింది. తర్వాత కారు నడిపే లైసెన్సు పోయింది, లైబ్రరీ పోయింది, టైపు మిషను పోయింది, కట్టుకున్న ఇల్లు పోయింది. భార్య ఎవా యూదురాలు కాదు కాబట్టి ప్రాణం మాత్రం మిగిలింది. ఆయన రోజూ డైరీ రాసేవాడు. ఆ పేజీలు దొరికితే చావే. అయినా ఎవా వాటిని పక్క ఊళ్ళో ఉన్న డాక్టరు స్నేహితురాలికి చేరవేసేది. 1942 మేలో వాళ్ళకి ఈ జంతువుల ఉత్తర్వు అందింది. వాళ్ళకి మూషెల్ అనే పిల్లి ఉండేది. దాన్ని ఇంకొకరికి పెంచుకోమని ఇవ్వడం కూడా నిషేధమే. తామే పశువుల డాక్టరు దగ్గర చంపించారు. రేషన్‌లో వచ్చిన మాంసం దానికి పెట్టి మరీ తీసుకెళ్ళారు.

అమాయకత్వం అన్నారు మీరు. ఉత్తర్వులన్నీ ఒక్క రోజున వచ్చి ఉంటే ఎవరైనా పారిపోయేవారేమో. బెంచి మీద కూర్చోవద్దన్న రోజున నిలబడవచ్చులే అనిపిస్తుంది. రేడియో తీసుకెళ్ళిన రోజున వినకపోతేనేం అనిపిస్తుంది. టెలిఫోను పోయింది, ఉత్తరాలు ఉన్నాయిగా. 1941 సెప్టెంబరు 19 నుంచి, ఆరేళ్ళు నిండిన ప్రతి యూదు పిల్లా పెద్దా గుండె మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలి. పిన్నుతో పెట్టుకుంటే కుదరదు, గట్టిగా కుట్టాలి. పైగా దానికి 10 ఫెనిగ్‌లు (మార్కుకి నూరు ఫెనిగ్‌లు) ఇచ్చి కొనుక్కోవాలి. తనంతటి చదువరికీ అన్నిటికన్నా బరువైన రోజు ఆ నక్షత్రం పెట్టుకున్న రోజేనని క్లెంపరర్ తర్వాత రాసుకున్నాడు.

ప్రశ్న: అమ్మా, యూరప్‌లో జిప్సీలు మన దేశం నుంచి పోయినవాళ్ళే అంటారు. నిజమా? హిట్లర్ వాళ్ళనీ చంపించాడా? (రిటైరైన పోస్ట్‌మాస్టరు)

జవాబు: నిజమేనండీ. వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం నుంచి కదిలినవాళ్ళు. జిప్సీ అనడం వాళ్ళకి నచ్చదు, రోమాలు అంటారు, జర్మనీలో ఉన్నవాళ్ళు సింతీలు. వాళ్ళ భాషలో నీళ్ళు 'పాని', ముక్కు 'నాక్', చెవి 'కాన్', మనిషి 'మనుష్'.

చూశారా, ఇక్కడ నాజీల సిద్ధాంతానికి ఇంకో చిక్కు వచ్చింది. ఆర్యుల మూలాలు భారతదేశం వైపు ఉన్నాయని వాళ్ళ పండితులే చెబుతుంటే, ఈ మనుషులు నిజంగానే అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళాయె! రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. అసలైన జిప్సీలు పిడికెడు మంది, మిగతా నూటికి తొంభై మందికి పైగా కల్తీ, ఆ కల్తీవాళ్ళే పుట్టుదొంగలు అన్నాడు. యూదుల లెక్కలో పూర్తి రక్తం నేరం, సగం రక్తానికి కొంత వెసులుబాటు. ఇక్కడ సరిగ్గా తిరగేశారు. నచ్చినట్టు తిప్పుకోవచ్చు, పేరు మాత్రం శాస్త్రం.

1936 జూలైలో, బెర్లిన్ ఒలింపిక్స్‌కి రెండు వారాల ముందు, నగరంలో ఉన్న సుమారు 600 మంది రోమాలని తెల్లవారకుండానే పోలీసులు పోగేసి మార్ట్‌సాన్ అనే చోటికి తోలారు. ఒక పక్క శ్మశానం, ఒక పక్క మురుగునీరు వదిలే పొలాలు. విదేశీ అతిథుల కళ్ళకి నగరం శుభ్రంగా కనబడాలి. అదే ఏడాది రిట్టర్ పరిశోధన సంస్థ మొదలైంది. బృందం క్యాంపులకి వెళ్ళి తలలు కొలిచేది, రక్తం తీసేది, కళ్ళ రంగు రాసుకునేది, అన్నిటికన్నా ముఖ్యంగా తాతముత్తాతల పేర్లు అడిగేది. అలా దాదాపు 24 వేల మంది మీద రిపోర్టులు తయారయ్యాయి.

ఆయన దగ్గర ఎవా యుస్టిన్ అనే నర్సు పనిచేసేది. జుట్టు ఎర్రగా ఉండేదని రోమాలు ఆమెని 'లోలీ' అనేవారు. ఎర్రది అని, మన లోహితం చుట్టమే ఆ మాట. ఆమె వాళ్ళ భాష నేర్చుకుంది. భాష వచ్చినవాళ్ళని ఎవరు అనుమానిస్తారు? మేనత్తల పేర్లూ, పెదనాన్నల ఊళ్ళూ అన్నీ చెప్పేశారు. ముల్ఫింగెన్ అనే ఊళ్ళో కాథలిక్ అనాథాశ్రమం ఉంది. తల్లిదండ్రుల్ని క్యాంపులకి పంపాక సింతీ పిల్లల్ని అక్కడ పెట్టారు. యుస్టిన్ వాళ్ళని ఆడించి, బొమ్మలు వేయించి, పరీక్షించి డాక్టరేటు సిద్ధాంత గ్రంథం రాసింది. ఆ పని నడుస్తున్నన్నాళ్ళూ పిల్లల్ని ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరేటు వచ్చేసింది. 1944 మే 9న 39 మంది పిల్లల్ని బస్సెక్కించి పోలండ్‌లోని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. బతికి వచ్చింది నలుగురు.

నేను ఎంతోమంది విద్యార్థులకి థీసిస్‌లు దిద్దినదాన్ని. ఆ గ్రంథం తీసుకుని దిద్దిన పరీక్షకుల గురించి ఆలోచిస్తుంటాను. పరిశోధనా పద్ధతి బాగుందని రాశారా? పట్టికల్లో తప్పులు సరిచేశారా?

ఆష్విట్జ్‌లో రోమాలకి వేరే క్యాంపు ఉండేది. 1943 ఫిబ్రవరి నుంచి సుమారు 23 వేల మందిని కుటుంబాలతో సహా అక్కడికి తెచ్చారు. ఆకలికీ జ్వరాలకీ పోయినవాళ్ళు పోగా, 1944 ఆగస్టు 2 రాత్రి మిగిలినవాళ్ళని, 4 వేలకి పైగా, గ్యాసు గదులకి పంపి క్యాంపు మూసేశారు. యుద్ధం అయ్యాక రిట్టర్‌కీ యుస్టిన్‌కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో ఉద్యోగాలొచ్చాయి. ఇద్దరికీ శిక్ష పడలేదు.

ప్రశ్న: ఇదంతా ఒక పిచ్చివాడూ వాడి రహస్య పోలీసులూ చేసిన పని. మామూలు జర్మన్ ప్రజలు భయంతో నోరు మూసుకున్నారు. మీరు జాతినంతటినీ తిడుతున్నట్టుంది. (పేరు రాయలేదు)

జవాబు: తిట్టలేదండీ, లెక్క చెబుతున్నాను. జర్మనీలోని లోయర్ ఫ్రాంకోనియా జిల్లాలో 8 లక్షల పైచిలుకు జనం. 1937లో అక్కడి గెస్టపో (మీరన్న ఆ రహస్య పోలీసులు) ఆఫీసులో ఉన్నది 28 మంది. ఇంతమంది మీద ఆ 28 మంది ఎలా నిఘా పెట్టగలరు? వాళ్ళ ఫైళ్ళు తిరగేసిన చరిత్రకారులకి కనబడింది జనం రాసిన చాడీల ఉత్తరాలు. పక్కింటామె యూదుడితో మాట్లాడుతోంది, పై వాటాలో ఫలానావాడు విదేశీ రేడియో వింటున్నాడు. కొందరు సిద్ధాంతం కోసం రాశారు. చాలామంది ఖాళీ అయ్యే వాటా కోసం, పాత కక్ష కోసం, విడాకుల కోసం రాశారు.

బెర్లిన్ నుంచి యూదుల్ని తరలించే మొదటి రైలు బండి 1941 అక్టోబరు 18న గ్రూనెవాల్డ్ స్టేషన్లో బయలుదేరింది. ఎక్కబోయే ప్రతి ఒక్కరూ ఆస్తి వివరాల ఫారం నింపాలి. 16 పేజీలు. ఎన్ని కుర్చీలు, ఎన్ని చొక్కాలు, ఎన్ని చెంచాలు. రైల్వేవాళ్ళు మూడో తరగతి టిక్కెట్టు లెక్కన కిలోమీటరుకి 4 ఫెనిగ్‌లు వసూలు చేసేవారు. పదేళ్ళ లోపు పిల్లలకి సగం, నాలుగేళ్ళ లోపు వాళ్ళకి ఉచితం, 400 మంది దాటితే గుంపు రాయితీ. వెళ్ళేవాళ్ళకి ఒకవైపు టిక్కెట్టే, కాపలావాళ్ళకి రానూపోనూ. బండి వెళ్ళాక ఇంటి యజమానులు అద్దె బాకీకీ, గ్యాసు కంపెనీలు బిల్లుకీ పన్నుల ఆఫీసుకి ఉత్తరాలు రాశారు. కుర్చీలూ చెంచాలూ వేలం వేస్తే జనం వచ్చి పాడుకున్నారు.

పిచ్చివాడి పని అంటారా? 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్‌సే సరస్సు ఒడ్డున మేడలో కూర్చుని యూరప్ యూదులందరి లెక్కా చూసుకున్నది 15 మంది. అందులో ఎనిమిది మందికి డాక్టరేట్లున్నాయి. జాబితాలో 1 కోటి 10 లక్షలు వేసుకున్నారు, అల్బేనియాలో ఉన్న 200 మందితో సహా. గంటన్నరలో ముగిసిన ఆ సమావేశంలో ఎక్కువ చర్చ దేని మీదో తెలుసా? సగం యూదుల్ని ఏం చెయ్యాలన్న దాని మీద. మళ్ళీ ఆ తాతల లెక్కే.

ప్రశ్న: ఎవరూ ఎదిరించలేదా? ఎదిరిస్తే ఆగేదా? (ఇంటర్ విద్యార్థి)

జవాబు: ఒకటి రెండు చోట్ల ఆగింది, నాన్నా. అందుకే ఈ ప్రశ్న నన్ను బాధపెడుతుంది.

ఆష్విట్జ్ కన్నా ముందే నాజీలు సొంత జర్మన్ల మీద గ్యాసు వాడారు, మానసిక రోగుల మీదా వికలాంగుల మీదా. ఆసుపత్రుల నుంచి రోగుల ఫారాలు తెప్పించుకుని, మనిషిని చూడకుండానే డాక్టర్లు ఎర్ర పెన్సిల్‌తో కూడిక గుర్తు పెడితే చావు, నీలం తీసివేత గుర్తు పెడితే బతుకు. బంధువులకి దొంగ ఉత్తరాలు వెళ్ళేవి. అపెండిసైటిస్‌తో పోయాడని రాసేవారు, తీరా చూస్తే ఆ మనిషికి అపెండిక్స్ ఎప్పుడో తీసేసి ఉండేది. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ దీన్ని చర్చిలో బహిరంగంగా హత్య అన్నాడు. ఆ ప్రసంగం కాపీలు దేశమంతా తిరిగాయి. ఆ నెలలోనే గ్యాసు గదుల్లో రోగుల్ని చంపడం ఆపమని హిట్లర్ ఆజ్ఞ వచ్చింది. అప్పటికి 70,273 మంది అయిపోయారు. తర్వాత కూడా మందులతో, ఆకలితో చంపడం గుట్టుగా సాగిందనుకో. యూదుల కోసం అలాంటి ప్రసంగం జర్మనీలో ఏ పెద్ద బిషప్పూ చెయ్యలేదు.

యెహోవా సాక్షులు అనే చిన్న మతశాఖవాళ్ళు హిట్లర్‌కి వందనం చెయ్యం అన్నారు, తుపాకీ పట్టం అన్నారు. వాళ్ళకి క్యాంపుల్లో బట్టల మీద గుర్తుగా ఊదా రంగు త్రికోణం. యూదుడు ఏ కాగితం మీద సంతకం పెట్టినా బయటపడలేడు. వీళ్ళకి మాత్రం నా మతం వదులుకున్నానని ఒక్క సంతకం చేస్తే విడుదల చేసేవారు. చాలామంది చెయ్యలేదు. ఆ మొండితనం నాకు పూర్తిగా అర్థమైందని చెప్పను.

ప్రశ్న: 1945లో యుద్ధం ముగిసింది, దోషుల్ని ఉరి తీశారు, బాధితులకి న్యాయం జరిగింది. అంతటితో కథ అయిపోయినట్టే కదా? (ఒక టీచరు)

జవాబు: క్యాంపులో గులాబీ రంగు త్రికోణం పెట్టుకున్నవాళ్ళని అడిగితే నవ్వుతారు. స్వలింగ ప్రేమికులన్నమాట. నాజీలు 1935లో కఠినం చేసిన 175వ సెక్షన్‌ని పశ్చిమ జర్మనీ 1969 దాకా అలాగే ఉంచుకుంది. క్యాంపు నుంచి బయటికొచ్చి, అదే సెక్షన్ కింద మళ్ళీ జైలుకి పోయినవాళ్ళున్నారు. 1994లో గాని అది చట్టం పుస్తకంలోంచి పూర్తిగా పోలేదు. రోమాలకి పరిహారం అడిగితే, 1943 మార్చికి ముందు వాళ్ళని పట్టుకున్నది జాతిని బట్టి కాదని అత్యున్నత న్యాయస్థానం 1956లో తీర్పు చెప్పింది. జాతిని బట్టే చంపారని ఒక ఛాన్సలరు (అక్కడి ప్రభుత్వాధినేత) ఒప్పుకున్నది 1982లో.

ప్రశ్న: ఈ కాగితాల వలలోంచి కాగితంతోనే తప్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా మేడమ్? (మొదటి ప్రశ్న అడిగిన అమ్మాయే, రెండో ఉత్తరంలో)

జవాబు: పిల్లిని పోగొట్టుకున్న ప్రొఫెసరే ఉన్నాడు.

1945 ఫిబ్రవరి 13. డ్రెస్డెన్‌లో మిగిలిన కొద్దిమంది యూదుల్లో చాలామందికి, మూడు రోజుల్లో పనికి హాజరు కావాలని నోటీసులొచ్చాయి. పని అంటే ఏమిటో అప్పటికి అందరికీ తెలుసు. ఆ నోటీసులు ఇంటింటికీ పంచే పని క్లెంపరర్‌కే వేశారు. ఆయన పేరు ఆ జాబితాలో లేదు, రేపో మాపో వస్తుందని తెలుసు. 63 ఏళ్ళవాడు, గుండె జబ్బు, కాళ్ళీడ్చుకుంటూ తిరిగి పంచాడు. ఆ రాత్రే మిత్రరాజ్యాల విమానాలు నగరాన్ని తగలబెట్టాయి. వేలమంది కాలిపోయిన ఆ మంటల్లో ఆయనా ఎవా విడిపోయి, తెల్లారి నది గట్టున మళ్ళీ కలుసుకున్నారు. ఎవా జేబుకత్తి తీసి ఆయన కోటు మీది నక్షత్రాన్ని కోసేసింది. అది లేకుండా దొరికితే చావే, ఉంటే కూడా చావే. ఇద్దరూ కాందిశీకుల గుంపులో కలిసి, కాగితాలు మంటల్లో పోయాయని చెప్పుకున్నారు. ప్రతి ఊళ్ళో పేరు అడుగుతారు, క్లెంపరర్ అంటే పట్టుబడొచ్చు. చేతిరాతతో ఆ పేరు ఉన్న ఒక చిన్న కాగితం మిగిలింది. దాని మీద 'ఎం' అక్షరాన్ని 'ఐ', 'ఎన్' చేస్తూ ఒక చుక్క, 'ఆర్' ని 'టీ' చేస్తూ ఒక గీత పెట్టారు.

ఆ చుక్కతో, ఆ గీతతో క్లైన్‌పేటర్ దంపతులై బవేరియా దాకా వెళ్ళారు. జూన్‌లో తిరిగొచ్చి, తమ ఇంట్లో తాము చేరారు.